ఎవరూ మార్చని నంబరు

పర్వత్ పాటియా, సూరత్
మే 2021

కోమలీ,

నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు, నేను ఎత్తడం లేదు. ఎత్తితే ఏడుపు తప్ప మాట రాదు. తెలుగు సంఘం హాల్లో ఆదివారం క్లాసు చెప్పేటప్పుడు మీ అమ్మగారు అనేవారు గుర్తుందా, నోటితో చెప్పలేనిది కాగితం మీద పెట్టండే అని? అందుకే రాస్తున్నాను.

మా ఎదురింటి రాజలింగం మామ చనిపోయాడు. మా నాన్నతో కలిసి సిరిసిల్ల నుంచి వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా ఒకే మరమగ్గాల షెడ్డులో సాంచెలు నడిపినవాడు. నువ్వు మా గల్లీకి వచ్చినప్పుడల్లా "హజీరా ఫ్యాక్టరీ ఆఫీసర్ బిడ్డ వచ్చింది, చాయ్ పెట్టుండ్రి" అని కేకేసేవాడు, ఆయనే.

ఇక్కడ పోయిన నెల ఎలా గడిచిందో నీకు తెలుసు. నేను కంప్యూటర్లు చూసుకునే ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్సిజన్ పడకల కోసం జనం గేటు బయట ఆటోల్లో, అంబులెన్సుల్లో పడిగాపులు పడ్డారు. పేరు, ఫోన్ నంబరు నమోదు చేసుకోవాలి. పడక ఖాళీ అయితే వరస ప్రకారం డెస్కు నుంచి ఫోన్ వస్తుంది. ఫోన్ కలవకపోతే తరువాతి వాళ్లకు చేస్తారు. సిఫారసులు మరీ ఎక్కువైపోయాయని, ఒకసారి ఎక్కిన పేరును ఎవరూ ముట్టుకోకుండా ఆ ఫైలుకు నేనే తాళం వేశాను. డెస్కులో వాళ్లు చదవగలరు, మార్చలేరు. మార్చాలంటే నా పాస్‌వర్డ్ కావాలి.

ఆ రోజు మామ వంతు వచ్చింది. డెస్కు అమ్మాయి ఫోన్ చేసింది. ఈ నంబరు వాడుకలో లేదని వినిపించింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే. పడక వేరేవాళ్లకు పోయింది.

మామ అప్పుడు ఎక్కడున్నాడో తెలుసా? గేటు బయటే, ఆటోలో. ఆయన కొడుకు బిక్షపతి తండ్రి తలను ఒళ్లో పెట్టుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి పిలుపు వస్తుందని చూస్తూనే ఉన్నాడు. ఆయన అక్కడే పోయాడు.

డెస్కు అమ్మాయి పై వాళ్లకు పంపడానికి ఆ తెరను ఫొటో తీసింది. అందులో మామ పేరు పక్కన నంబరు మొదటి ఆరు అంకెలు సరిగ్గానే ఉన్నాయి. చివరి నాలుగు అంకెలు మాత్రం 2021 అని ఉన్నాయి. సాయంత్రం సర్వర్ నెమ్మదించిందని నేను దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాను. గొడవ విని ఫైలు తెరిస్తే నంబరు సరిగ్గా ఉంది. ఎవరూ ముట్టుకున్న గుర్తు కూడా లేదు.

మేనేజరు ఆ ఫొటోనూ, నా ఫైలునూ పక్కపక్కన పెట్టి చూపించాడు. "సింధూబెన్, ఎవరో నంబరు మార్చారు. ముసలాయన పోయాక మళ్లీ సరిచేశారు. తాళంచెవి నీ దగ్గరే ఉంది" అన్నాడు. నన్ను ఇంటికి పంపేశారు. నేను పడక అమ్ముకున్నానని గల్లీలో అనుకుంటున్నారు. మామ భార్య, నా అత్తమ్మ, నన్ను చూడగానే తలుపు వేసుకుంది.

నేనేమీ చేయలేదు. నీకు చెప్పనక్కర్లేదనుకుంటాను. అయినా చెబుతున్నాను.

సింధూజ

*

బెంగళూరు
మే 2021

సింధూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గేటు బయటే ఉన్న మనిషికి లోపలి నుంచి ఫోన్ కలవకపోవడం! అమ్మకు చెబితే, "రాజలింగంగారా? మనకి తాటి ముంజలు తెచ్చిచ్చిన ఆయనా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నువ్వు చేయలేదు. అందులో నాకు అనుమానమే లేదు. కానీ నేను చేసే పనే ఇది కాబట్టి ఒక మాట చెప్పాలి. కర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. ఏ ఫైలును ఎవరు చదవాలో, ఎవరు రాయాలో తేల్చేది అదే. అది రాయనివ్వనంటే రాయనివ్వదు. నేను రోజూ ఆ తాళాలనే పరీక్షిస్తాను. మనుషుల మాట కంటే దాని మాటే నమ్ముతాను. నంబరు మారింది, మళ్లీ సరైంది, గుర్తు కూడా మిగల్లేదు. ఇది పూర్తి అధికారం ఉన్నవాళ్లకే సాధ్యం. అంటే నీ పాస్‌వర్డ్ ఇంకెవరికో తెలుసు.

బాగా ఆలోచించు. నీ భుజం మీదుగా ఎవరు చూశారు? నీ ల్యాప్‌టాప్ ఎవరు ముట్టుకున్నారు? మొహమాటపడకు. తప్పు చేసినవాడు నీ వెనుక దాక్కుని ఉన్నాడు.

జాగ్రత్త. తిండి మానకు.

కోమలి

*

పర్వత్ పాటియా, సూరత్
జూన్ 2021

కోమలీ,

ఆలోచించాను. ఎటు తిప్పి చూసినా ఒక్కడే కనిపించాడు.

ఏప్రిల్‌లో నాకు జ్వరం వచ్చి మేడ మీది గదిలో ఒంటరిగా పడి ఉన్నప్పుడు ఆసుపత్రి సర్వర్ మొరాయించింది. కళ్లు తెరవలేని స్థితిలో తలుపు అవతల ఉన్న మా తమ్ముడు మహేశ్‌కు పాస్‌వర్డ్ చెప్పి, ఏం టైపు చేయాలో అరిచి చెప్పాను. పాపం, అంతా సరిగ్గా చేశాడు. వాడు మార్కెట్ వాళ్లకు చీరల డిజైన్లు కంప్యూటర్లో గీస్తాడు, కాబట్టి కొత్తేమీ కాదు.

నీకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. మహేశ్, మామ కూతురు సుమన ఇష్టపడ్డారు. సంక్రాంతి వెళ్లాక మా నాన్న పోయి అడిగితే, మామ అందరి ముందూ మహేశ్‌ను తీసిపారేశాడు. "బొమ్మలు గీసేటోనికి పిల్లనియ్య. సాంచె చేతికి రాలే, సంసారం ఏమొస్తది?" అన్నాడు. మహేశ్ గల్లీలో నిలబడి, "నీ పానం మీదికొచ్చిన నాడు ఎవలొస్తరో నేను గూడ చూస్త" అని అరిచాడు. అందరూ విన్నారు. నేనూ విన్నాను.

పోయిన వారం ఆసుపత్రి విచారణలో మళ్లీ అడిగారు, పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా అని. నేను మహేశ్ పేరు చెప్పాను.

చెప్పేటప్పుడు వెనకాడలేదు. లెక్క సరిపోయింది అనిపించింది. తాళం పగలలేదు, తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంది, నేను తీయలేదు.

సాయంత్రానికల్లా పోలీసులు వచ్చారు. ఆసుపత్రి నుంచి ఎవరు చెప్పారో గానీ, వాళ్లకంటే ముందే బిక్షపతి వచ్చాడు. మహేశ్ చొక్కా పట్టుకుని గల్లీలోకి ఈడ్చాడు. "మా నాయిన నోరు తెరుసుకొని గాలి కోసం కొట్టుకుండు రా! నువ్వేడ ఉన్నవ్ రా!" అని కొడుతుంటే ఒక్కరూ అడ్డం పోలేదు. మహేశ్ చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. నన్నే చూస్తున్నాడు.

మా అమ్మ ఎల్లవ్వ నా దగ్గరికి వచ్చి, "నువ్వేనా చెప్పింది?" అని అడిగింది. అవునన్నాను. "వాన్ని అడిగినవా?" అంది. నేను లోపలికి నడిచాను.

మహేశ్‌ను ఒక రాత్రి స్టేషన్‌లో ఉంచుకుని వదిలిపెట్టారు. రుజువు లేదట, కానీ కేసులో పేరు ఉంటుందట. ఇంటికి వచ్చి స్నానం చేసి, నాలుగు బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ముంబై దగ్గర భివండిలో సాంచెల షెడ్డులో చేరాడని తెలిసింది. సాంచె చేతికి రాలేదని మామ అన్నాడు కదా, ఇప్పుడు అదే పని చేస్తున్నాడు.

సింధూజ

*

బెంగళూరు
జూన్ 2021

సింధూ,

ఏమిటిది? ఆలోచించమన్నాను గానీ చెప్పేయమన్నానా? నేనా నీతో ఆ పని చేయించింది? నా ఉత్తరం మళ్లీ తీసి చదువుకున్నాను. "మొహమాటపడకు" అని రాశాను. ఆ మాట చూస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

మహేశ్‌కు మన వెనకాలే సైకిల్ తొక్కుకుంటూ రావడం తప్ప ఇంకేమీ తెలియని రోజుల నుంచి నేను ఎరుగుదును. వాడికి కోపం ఉంది, నిజమే. కానీ చావు కోరుకునే కోపమా అది?

అయినా లెక్క సరిపోతోందే. అదే నన్ను తినేస్తోంది. నాకు ఇంకో దారి కనిపించడం లేదు.

వాడిని ఒక్కసారి అడుగు. ఇప్పుడైనా.

కోమలి

*

పర్వత్ పాటియా, సూరత్
సెప్టెంబరు 2021

కోమలీ,

అడగలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఉత్తరం రాస్తే తిరిగి వచ్చింది. నన్ను మాత్రం ఉద్యోగంలోకి మళ్లీ తీసుకున్నారు. దోషి ఎవరో తెలిసిపోయింది కదా! తమ్ముడి పేరు చెప్పి తెచ్చుకున్న కుర్చీ అది. నాన్న నాతో మాట్లాడడు. పళ్లెం ముందుకు జరిపితే తింటాడు, అంతే.

ఇప్పుడు చెప్పేది నిలబడి చదవకు. కూర్చో.

నిన్న రక్త నిధి దగ్గర నుంచి పిలుపు వచ్చింది. దాతల ఫైల్లో ఒకాయన పేరు మధ్యలో అక్షరాలు పోయి, అంకెలు వచ్చాయన్నారు. వెళ్లి చూశాను. పేరు మధ్యలో 2021 అని ఉంది.

కోమలీ, అవే అంకెలు.

అది కూడా తాళం వేసిన ఫైలే. మహేశ్ పోయిన రోజే నేను పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది నా తలలో తప్ప ఎక్కడా లేదు. మహేశ్ ఇక్కడ లేడు. నేను నా సీటులోనే ఉన్నాను. మార్చిన గుర్తు కూడా లేదు, ఆ రోజు లాగానే. పక్క గదిలో ఉన్న బ్యాకప్‌లో అదే పేరు సరిగ్గా ఉంది.

ఆ గదికీ ఈ గదికీ నాలుగుసార్లు తిరిగాను. నర్సు వచ్చి, "క్యా హువా బెన్?" అంటూ నీళ్లు ఇచ్చింది. గ్లాసు పక్కన పెట్టి మళ్లీ ఆ పేరే చూశాను.

ఎవరూ లేనప్పుడు కూడా ఇది జరుగుతోంది. మరి ఆ రోజు ఎవరు చేశారు? మహేశ్ కాకపోతే నేను ఎవరి పేరు చెప్పినట్టు?

చెప్పు. నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు. ఏదో ఒకటి చెప్పు.

సింధూజ

*

బెంగళూరు
సెప్టెంబరు 2021

సింధూ,

ఆ సర్వర్‌ను ఆపకు. ఎవరు అడిగినా ఆపకు. మళ్లీ మొదలుపెడితే అంతా చెరిగిపోతుంది. దాతల వివరాలు ఉన్న ఆ ఫైలు వద్దు, ఆ పేరు మనకు అక్కర్లేదు. మెమరీలో పాడైన ఆ చిన్న ముక్క, డిస్కు మీద ఉన్న అదే ముక్క, రెండూ విడివిడిగా తీసుకో. ఎలా తీయాలో కింద రాశాను. మీ మేనేజరు అనుమతి రాతపూర్వకంగా తీసుకో. ఆ సమయంలో సర్వర్ ఇంకేం పనులు చేస్తోందో కూడా రాసి పంపు.

ఒక్కటి తట్టింది, ఇంకా రూఢి కాలేదు. మీ ల్యాబు రిపోర్టులు ఎలా మొదలవుతాయి? తేదీతోనా? ముందు సంవత్సరం వస్తుందా?

వస్తే, ఆ 2021 ఎవరూ టైపు చేసింది కాదు.

వెంటనే రాయి.

కోమలి

*

బెంగళూరు
డిసెంబరు 2021

సింధూజకు,

నువ్వు పంపినవన్నీ అందాయి. చాలా ఉపయోగపడ్డాయి.

ఇప్పటికి నేను నీకు ఏమీ చెప్పలేను. ఎందుకు చెప్పలేనో కూడా చెప్పలేను. ఆ రెండు ముక్కల సంగతి ఎవరితోనూ మాట్లాడకు. ఆసుపత్రిలో గానీ, పోలీసులతో గానీ, ఇంట్లో గానీ వద్దు. దయచేసి ఫోన్ కూడా చేయకు. నీ గొంతు వింటే నేను ఆగలేను.

నన్ను నమ్ము అని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

కోమలి

*

పర్వత్ పాటియా, సూరత్
జనవరి 2022

కోమలి గారికి,

మర్యాదగా రాశావు కాబట్టి నేనూ మర్యాదగానే రాస్తున్నాను.

స్టేషన్‌కు వెళ్లాను. నువ్వు వద్దన్న ముక్కల గురించి మాట్లాడలేదు. మా తమ్ముడు చేయలేదు, నేను పొరపాటుగా పేరు చెప్పాను, కొట్టేయండి అని మాత్రమే అడిగాను. ఆ ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "అప్పుడు వాడే అన్నావు, ఇప్పుడు కాదంటున్నావు. మరి ఎవరు?" అన్నాడు. జవాబు నీ దగ్గరుంది. నీ ఉత్తరం చల్లగా ఉండడం చూస్తేనే నాకు అర్థమైంది, నీకు అంతా తెలిసిపోయిందని.

సుమనకు సంబంధాలు చూస్తున్నారు. ఒకరోజు నీళ్ల ట్యాంకు దగ్గర ఆ పిల్ల నా చేయి పట్టుకుని, "వదినా, నిజం చెప్పు. మహేశే చేసిండా? చేసిండని చెప్పు, నేను మర్చిపోత. చెయ్యలే అని చెప్పు, నేను ఆగుత" అంది. నేను ఏం చెప్పాలి? బెంగళూరులో ఒకావిడ నోరు విప్పితే చెబుతానని చెప్పాలా?

మళ్లీ జబ్బు పెరుగుతోంది. భివండిలో మహేశ్‌కు జ్వరమని ఎవరో చెప్పారు. అమ్మ బయలుదేరితే, రావద్దని కబురు పెట్టాడు.

వాడు నీ తమ్ముడు కాడు. అందుకే నీకు ఆగడం చేతనవుతోంది.

సింధూజ

*

బెంగళూరు
మార్చి 2022

సింధూ,

ఈరోజు పొద్దున ఆ తప్పును సరిదిద్దే సవరణ బయటికి వచ్చింది. ఇక నేను నోరు విప్పవచ్చు. మొట్టమొదట నీకే రాస్తున్నాను.

ఎవరూ చేయలేదు. నువ్వు చేయలేదు, మహేశ్ చేయలేదు, ఆసుపత్రిలో ఇంకెవరూ చేయలేదు. కర్నెల్ చేసింది. నేను మనుషుల కంటే ఎక్కువ నమ్మానని రాశానే, అదే చేసింది.

విను. ఒక ఫైలును ఎవరైనా చదివితే, కర్నెల్ ప్రతిసారీ డిస్కు దాకా పోదు. ఒక నకలు మెమరీలో పెట్టుకుని, అడిగినవాళ్లందరికీ అదే చూపిస్తుంది. ఆ నకలుకు కూడా అసలుకు ఉన్న తాళమే ఉండాలి. కానీ ఫైల్ సిస్టమ్ భాగంలో ఒకచోట, వాడి వదిలేసిన మెమరీని మళ్లీ వాడేటప్పుడు పాత గుర్తును చెరపడం ఆ కోడు రాసినవాళ్లు మరిచిపోయారు. ఒకే ఒక్క వాక్యం రాయడం మరిచిపోయారు, సింధూ. ఆ వాక్యం లేకపోవడం వల్ల, పక్కన ఇంకో ప్రోగ్రాము పంపుతున్న అక్షరాలు ఒక్కోసారి తాళం వేసిన ఫైలు నకలు మీద పడుతున్నాయి. మీ సర్వర్‌లో ల్యాబు రిపోర్టులన్నీ ఒకచోట చేర్చే ప్రోగ్రాము నడుస్తోంది. ప్రతి రిపోర్టూ 2021తో మొదలవుతుంది. ఆ నాలుగు అంకెలు జారి, మామగారి నంబరు మీద పడ్డాయి. డెస్కులో చూసింది ఆ నకలే. డిస్కు మీద అసలు నంబరు చెక్కు చెదరలేదు. సాయంత్రం నువ్వు సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టగానే పాడైన నకలు పోయింది, అసలు కనిపించింది. ఎవరూ మార్చలేదు, ఎవరూ సరిచేయలేదు.

ఇది నాకు నవంబరులో తెలిసింది. అప్పుడే నీకు ఫోన్ చేయబోయాను. నంబరు నొక్కే ముందు ఇంకొకటి తట్టింది: పొరపాటున జరిగేది కావాలని కూడా చేయవచ్చు కదా? ఏ అధికారమూ లేని మామూలు ఖాతాతో కూర్చుని చిన్న ప్రోగ్రాము రాశాను. తాళం వేసిన ఫైలు మీద నా పేరు రాయమన్నాను. రాసేసింది. సింధూ, మళ్లీ చేసి చూశాను, మళ్లీ రాసేసింది. ఏ గుమస్తా అయినా, ఏ దొంగైనా, అలాంటి కర్నెల్ ఉన్న ఏ యంత్రంలోనైనా పాస్‌వర్డుల ఫైలునే మార్చి యజమాని అయిపోవచ్చు. ఆసుపత్రులు, బ్యాంకులు, రైళ్లు... సవరణ తయారై అందరికీ చేరే వీలు కలిగేవరకూ బయటికి ఒక్క మాట పొక్కకూడదని మా బృందమంతా మాట ఇచ్చింది. నీకు చెబితే నువ్వు స్టేషన్‌లో చెబుతావు. చెప్పి తీరతావు, నీ చోట నేనున్నా చెబుతాను. అక్కడి నుంచి ఎక్కడికి పాకుతుందో ఎవరికి తెలుసు?

అందుకని ఆగాను. మహేశ్ నా తమ్ముడైతే ఆగేదాన్నా అని నువ్వు అడిగినంత పని చేశావు. ఆ ప్రశ్న వేసుకోని రోజు లేదు. ఆగేదాన్ననే అనుకుంటున్నాను. ఆగి, ఆ తరువాత వాడి మొహం ఎలా చూసేదాన్నో మాత్రం తెలియదు.

బయటపెట్టిన ప్రకటనను, నేను సంతకం చేసిన నివేదికను దీనితో పంపుతున్నాను. మీ సర్వర్‌లో తీసిన ముక్కలే దీన్ని పట్టించాయని అందులో స్పష్టంగా ఉంది. పోలీసులకు ఇవ్వు. ఎవరైనా అడిగితే నేను వచ్చి నిలబడి చెబుతాను.

ముందు మీ సర్వర్‌కు సవరణ పెట్టు. ఈరోజే. ఇప్పుడే. ఆ తరువాతే ఏడువు.

కోమలి

*

పర్వత్ పాటియా, సూరత్
మే 2022

కోమలీ,

ఇంతకాలం జవాబు రాయలేదని కోపం అనుకోకు. రాయడానికి కూర్చుంటే, చేయాల్సినవి గుర్తొచ్చి లేచిపోయేదాన్ని.

సవరణ ఆ రోజే పెట్టాను. నీ నివేదిక చదివి మేనేజరు తల పట్టుకున్నాడు. "అంటే మనం చూస్తున్నది ఏదీ నిజం కాదా?" అన్నాడు. ఆసుపత్రి పేరు చెడుతుందని వారం పాటు నాన్చాడు. నేను రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాక పోలీసులకు సంతకం చేసి ఇచ్చాడు. కేసులోంచి మహేశ్ పేరు తీసేశారు.

ఆ కాగితం పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. ఏడాదిగా ఆ గడప తొక్కలేదు. అత్తమ్మ, బిక్షపతి బావ, సుమన ముగ్గురూ ఉన్నారు. నువ్వు రాసినట్టే, నాకు చేతనైనంత తేలికగా చెప్పాను.

అత్తమ్మే ముందు మాట్లాడింది. "అంటే ఎవ్వలు చెయ్యలేదా?"

"ఎవ్వలు చెయ్యలే అత్తమ్మా."

"ఎవడో ఒకడు చేసిండనుకొని యాడాది బతికిన బిడ్డా. రోజు పొద్దుగాల లేసి వాన్ని తిట్టుకున్న. వాని కడుపు కాల అనుకుంట పొయ్యి ముట్టిచ్చిన. గిప్పుడు ఎవ్వలు లేరంటున్నవ్. నేను ఎవలిని తిట్టుకోవాలె?"

నేను వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. నన్ను తిట్టు అన్నాను. ఆమె తిట్టలేదు. నా తల మీద చేయి వేసి, మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా అంత గట్టిగా ఏడవలేదట, తరువాత సుమన చెప్పింది.

బిక్షపతి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి చెప్పులు వేసుకుని, "భివండి పోదాం పా" అన్నాడు.

ఇద్దరమూ రైలెక్కాం. భివండిలో ఆ షెడ్డు చప్పుడుకు చెవులు పగిలిపోతున్నాయి. మహేశ్ సగమైపోయాడు. మమ్మల్ని చూశాడు, సాంచె ఆపలేదు. బిక్షపతి వాడి ఎదురుగా పోయి, తన చొక్కా మెడ దగ్గర పట్టుకుని ముందుకు సాచాడు. "తమ్మీ, గల్లీల గుంజిన నిన్ను. అందరు జూడంగ కొట్టిన. గిప్పుడు నువ్వు నన్ను గుంజు. కొట్టు."

మహేశ్ చేయి చాపి మీట నొక్కాడు. వాడి సాంచె ఒక్కటే ఆగింది, చుట్టూ ఉన్నవన్నీ మోగుతూనే ఉన్నాయి. బిక్షపతి చేతిని మెడ మీది నుంచి మెల్లగా తీసి, "నీ జాగల ఉంటే నేను గూడ గట్లనే కొడుతుంటి, బావా. పోయింది మీ నాయిన" అన్నాడు.

తరువాత నా వైపు తిరిగాడు. నేను నివేదిక తీసి చెప్పడం మొదలుపెట్టాను. నకలు, తాళం, జారిపడ్డ అంకెలు. ఆ చప్పుడులో అరిచి చెబుతున్నాను. అంతా విన్నాడు.

"మిషన్ల తప్పుంటదని నీకు తెల్వలే. సరే అక్కా, ఎవలికి తెల్వలే. నన్నెందుకు అడగలే?"

కోమలీ, నేను మేడ మీద జ్వరంతో పడి ఉన్నప్పుడు తలుపు అవతల కాపలా కూర్చున్నవాడిని, చేశావా అని ఒక్క మాట అడగకుండా వాడి పేరు చెప్పాను. లెక్క సరిపోయిందని చెప్పాను. "అడగాల్సింది" అని మాత్రం అనగలిగాను. వాడు మళ్లీ మీట నొక్కాడు.

మామ సంవత్సరీకానికి వచ్చాడు. బిక్షపతి పిలిస్తే వచ్చాడు, నేను పిలిస్తే కాదు. మా ఇంట్లో దిగలేదు, ఎదురింట్లోనే దిగాడు. మా నాన్న సోమలింగం వాకిట్లో నిలబడి, గల్లీ అవతల ఉన్న కొడుకును చూస్తూ, "తిన్నడా వాడు?" అని అమ్మను అడిగాడు. సుమన వాళ్ల ఇంట్లో సంబంధాలు చూడటం ఆపేశారు.

భోజనాలయ్యాక మహేశ్ గల్లీ దాటి మా గడపలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "అక్కా, గీ తప్పు మీ దవఖానల ఒక్కదాంట్లనే ఉండెనా?" అన్నాడు.

లేదు, చాలా చోట్ల ఉంటుందన్నాను.

"ఎన్నేండ్ల సంది?"

కొన్నేళ్లుగా అన్నాను.

"మరి ఇంకేడేడ ఎవలెవలి మీద వడ్డదో గదా. నా లెక్క ఎవడన్న జైల్ల గూసున్నడో ఏమో. వాళ్లకెవలు చెప్తరు? నీ దోస్తు రాసిందంట గదా, గది ఇంగ్లీషుల ఉన్నది. సాంచెలోళ్లు సదువుతరా? చిన్న దవఖానల కంప్యూటర్ జూసేటోడు సదువుతడా?"

నువ్వూ నేనూ ఏడాదిగా దీని చుట్టే తిరిగాం, ఇద్దరిలో ఒక్కరికీ ఈ మాట తట్టలేదు.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. ఈ తప్పు ఏమిటి, సవరణ ఎలా పెట్టాలి, కారణం లేకుండా ఫైళ్లలో అంకెలు మారి ఎవరి మీదైనా నింద పడి ఉంటే ఆ కేసును మళ్లీ ఎలా తెరిపించాలి, అన్నీ తేలిక మాటల్లో రాస్తున్నాను. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, గుజరాతీలో ఒకటి. తెలుగుది దీనితో పంపుతున్నాను. తప్పులుంటే దిద్దు, మీ అమ్మగారికి కూడా చూపించు.

గుజరాతీది రాస్తుంటే మహేశ్ ఎప్పుడు లోపలికి వచ్చాడో తెలియదు. వెనక నిలబడి కాసేపు చూసి, "అన్నీ తప్పులే. జర జరుగు" అన్నాడు. జరిగాను. వాడు నా పక్కన కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు.

సింధూజ